ఢిల్లీలో కూలినవి, నిలిచినవి

భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్యఖుర్‌ఆన్ అనేకచోట్ల మనల్ని ప్రోత్సహిస్తుంది. విహారయాత్రకు వెళ్లే కుటుంబానికి ఇంతకంటే మంచి మార్గదర్శకం మరొకటి ఉండదు. చూడటం కేవలం కళ్లపండుగ కాదు, అది గుణపాఠం కూడా. ఈ దృష్టితో చూడదగిన నగరాలు మన దేశంలో ఎన్నో ఉన్నా, ఢిల్లీకి సాటి వచ్చేది లేదు. ఎనిమిది శతాబ్దాల్లో ఎందరో పాలకులు అక్కడ కోటలు కట్టారు, రాజధానులు మార్చారు, సమాధులు లేపారు. వాటిలో కొన్ని కూలిపోయాయి, కొన్ని నిలిచి ఉన్నాయి. ఏది కూలింది, ఏది నిలిచింది, ఎందుకు? డిసెంబరు చివరి వారంలో అయిదు రోజుల పాటు ఢిల్లీలో తిరిగినప్పుడు మా పిల్లలతో కలిసి మేము వెదికిన సమాధానం ఇది.

మాది వరంగల్లు. మా వారు, నేను, పదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఏడో తరగతి అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు - మొత్తం అయిదుగురం. ఉదయం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయం చేరాలి. ఉత్తరాదిన దట్టంగా అలముకున్న పొగమంచు వల్ల మధ్యాహ్నం అయింది. శీతకాలంలో ఢిల్లీ వెళ్లేవారు మొదటి రోజుకు ఎటువంటి కార్యక్రమమూ పెట్టుకోకపోవడమే మంచిది.

అక్కడి చలి మన చలి వంటిది కాదు. ఎండ ఉన్నా ఒంటికి వెచ్చదనం తెలియదు. తెల్లవారుజామున ఫజ్ర్‌కు వుజూ చేసే నీళ్లు వేళ్లను కొరికేస్తాయి. తోలు మేజోళ్లు వుజూతో తొడుక్కుంటే, ప్రయాణికులు మూడు పగళ్లు మూడు రాత్రుల వరకు పాదాలు కడగడానికి బదులు వాటిపై మసహ్ చేసుకోవచ్చునన్న సౌలభ్యం ఎంతటి కారుణ్యమో మా అత్తగారికి అక్కడే బాగా తెలిసివచ్చింది. పగలు చాలా పొట్టిది. సాయంత్రం అయిదున్నర దాటేసరికి మగ్రిబ్ వేళ అవుతుంది. జుహర్, అసర్, ఇషా నమాజులను ఖస్ర్ చేసి రెండేసి రకాతులు చదువుకున్నాము. స్థానిక ఇమామ్ వెనుక నిలబడినప్పుడు మాత్రం నాలుగూ పూర్తిగా చదివాము. దినచర్యను నమాజు వేళల చుట్టూ అల్లుకుంటే ప్రయాణంలో కంగారు ఉండదని పిల్లలు గ్రహించారు.

మొదట మెహ్రౌలీ వెళ్లాము. మంచు తెర వెనుక నుండి కుతుబ్ మీనార్ కొద్దికొద్దిగా బయటపడే దృశ్యం శీతకాలపు కానుక. ఎత్తు 72.5 మీటర్లు, లోపల 379 మెట్లు. 1981లో జరిగిన తొక్కిసలాటలో పలువురు మరణించినప్పటి నుండి లోపలికి ఎవరినీ అనుమతించడం లేదు. దీన్ని మొదలుపెట్టిన కుత్బుద్దీన్ ఐబక్ ఒకనాటి బానిస. మొదటి అంతస్తు వరకే ఆయన కట్టించగలిగాడు. ఆ తర్వాతి పని అల్లుడు ఇల్తుత్మిష్ చేశాడు. పిడుగుపాటుకు పైభాగం దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించాడు.

అదే ఆవరణలో కొద్ది దూరాన మరో కట్టడం ఉంది. అది అలాయీ మీనార్. కుతుబ్ మీనార్‌కు రెట్టింపు ఎత్తున గోపురం లేపాలని అల్లావుద్దీన్ ఖిల్జీ సంకల్పించాడు. 1316లో ఆయన మరణంతో పని ఆగిపోయింది. సుమారు 25 మీటర్ల మొండి రాళ్లగుట్ట మాత్రం ఏడు వందల ఏళ్లుగా అలాగే నిలబడి ఉంది. "దీన్ని ఎవరైనా పూర్తి చేయొచ్చు కదా అబ్బా?" అని మా అబ్బాయి అడిగాడు. "ఇతరుల కంటే పెద్దగా కనిపించాలని మొదలుపెట్టిన పని అది. అటువంటి పనిపై తర్వాతి వారికి ఆసక్తి ఉండదు బేటా" అన్నారు మా వారు.

కుతుబ్ మీనార్ పక్కనే ఉన్న ప్రాచీన మసీదు స్తంభాలపై ఆలయ శిల్పాలు స్పష్టంగా కనిపిస్తాయి. 27 ఆలయాల సామగ్రిని దీనికి వాడినట్లు మసీదు తూర్పు ద్వారం మీది శాసనమే చెబుతున్నది. ఇక్కడ మా అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. "మా క్లాసులో ఒక అమ్మాయి 'ఇదంతా మీవాళ్లు చేసిందే కదా' అని అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను. ఏం చెప్పాలి అబ్బా?" అని మెల్లగా అడిగింది. మరోవైపు మా అబ్బాయి, ఇవన్నీ మనవే అన్నట్టు ప్రతి కట్టడం ముందూ ఛాతీ విరుచుకొని ఫోటోలు దిగుతున్నాడు. ఒకే ఇంట్లో ఒకరిలో సిగ్గు, మరొకరిలో గర్వం! ఈ తరం ముస్లిం పిల్లలు మోస్తున్న రెండు బరువులు ఇవే.

మా వారు ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "రాజులు చేసినదంతా ఇస్లాం కాదు. యుద్ధంలో సైతం ఇతరుల ప్రార్థనాలయాల జోలికి వెళ్లరాదన్నది మన ధర్మం నేర్పిన నీతి. దాన్ని ఏ రాజు పాటించకపోయినా తప్పును తప్పు అనడానికి మనం సంకోచించకూడదు. అయితే ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది అల్లాహ్ నియమం. వెనుకటి వారు చేసినది వారిది, మనం చేసేది మనది. వారి తప్పుకు నువ్వు తలదించుకోవలసిన పని లేదు తల్లీ. అలాగే వారి గొప్పదనానికి నువ్వు మీసం మెలేయవలసిన పనీ లేదురా" అన్నారు. మీసమే రాని మావాడు నవ్వేశాడు గానీ, మా అమ్మాయి ముఖం తేటపడింది. ఆ క్షణం నుండి మా యాత్ర తీరు మారింది. ఎవరు కట్టించారన్న దానికి బదులు, ఎవరికి ఉపయోగపడిందన్న ప్రశ్నతో చూడసాగాము.

ఆ ప్రశ్నకు మొదటి జవాబు మెహ్రౌలీలోనే దొరికింది. మీనార్‌కు కొద్ది దూరంలో హౌజె షమ్సీ చెరువు ఉంది. ఇల్తుత్మిష్ 1230లో తవ్వించాడు. 14వ శతాబ్దంలో ఢిల్లీలో ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, నగర ప్రజలు ఈ చెరువు నీరు తాగేవారని రాశాడు. విస్తీర్ణం తగ్గినా చెరువు ఇప్పటికీ మిగిలే ఉంది. మీనార్ వద్ద వందల మంది పర్యాటకులు ఉంటే చెరువు గట్టున మేము, నలుగురు స్థానికులు మాత్రమే ఉన్నాము. కానీ తరతరాల దాహం తీర్చింది ఈ చెరువే.

రెండో రోజు తుగ్లకాబాద్ కోట చూశాము. ఘియాసుద్దీన్ తుగ్లక్ 1321 ప్రాంతంలో దీని నిర్మాణం ప్రారంభించాడు. చుట్టుకొలత ఆరు కిలోమీటర్ల పైచిలుకు. ఏటవాలుగా వంగిన దాని రాతిగోడలను చూస్తే కోట అంటే ఇదీ అనిపిస్తుంది. వరంగల్లు వారమైన మాకు ఆ గోడలతో ఒక చేదు బంధం ఉంది. ఈ కోట లేస్తున్న రోజుల్లోనే, 1323లో, సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ ఓరుగల్లును జయించి కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపాడు. చక్రవర్తి దారిలోనే కన్నుమూశాడు. మన ఓరుగల్లు కోట శిథిలమైంది. దాన్ని గెలిచిన వారి కోట సంగతి ఏమిటి? రెండేళ్లు తిరగకుండానే సుల్తాను మరణించాడు. అనతికాలంలోనే తుగ్లకాబాద్ నిర్జనమైంది. ఇప్పుడు అక్కడ ముళ్లపొదలు, కోతుల గుంపులు, గాలి శబ్దం తప్ప ఏమీ లేవు. గెలిచినవారి కోటకూ ఓడినవారి కోటకూ కాలం వేసిన శిక్ష ఒకటే!

తుగ్లకాబాద్ గురించి ఢిల్లీ జనం తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. సుల్తాను కూలీలందరినీ కోట పనికే రమ్మని ఆజ్ఞాపించాడట. అదే సమయంలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా ప్రజల కోసం ఒక బావోలీ, అంటే మెట్లబావి, తవ్విస్తున్నారు. కూలీలు పగలు కోటలో, రాత్రి బావి వద్ద పనిచేసేవారట. కథలో ఎంత నిజముందో గానీ, కళ్లెదుటి వాస్తవం మాత్రం ఇది: కోట పాడుబడింది, నిజాముద్దీన్ బస్తీలోని ఆ బావిలో నేటికీ నీరు ఉంది.

ఆ మధ్యాహ్నమే హౌజ్ ఖాస్ వెళ్లాము. అల్లావుద్దీన్ తవ్వించిన చెరువు పూడిపోతే ఫిరోజ్ షా తుగ్లక్ పూడిక తీయించి, దాని గట్టున 1352 ప్రాంతంలో ఒక పెద్ద మదర్సా కట్టించాడు. చెరువు రెండు ఒడ్ల వెంబడి వరుసగా గదులు, మండపాలు, నీటివైపు తెరచుకొనే కిటికీలు. శీతకాలపు పలచని ఎండలో ఆ కిటికీ వద్ద కూర్చుంటే, ఏడు శతాబ్దాల నాడు ఇక్కడ కూర్చుని పాఠం వల్లించిన విద్యార్థి కళ్లముందు మెదులుతాడు. తన సొంత కట్టడాల కంటే ముందు పూర్వ పాలకుల నిర్మాణాలను బాగుచేయించే అలవాటు ఫిరోజ్ షాకు ఉండేది. ఆ సంగతి తన గ్రంథంలో తానే రాసుకున్నాడు. తవ్వించిన కాలువలు కూడా ఎన్నో. అదే మదర్సా మూల మీద ఆయన సమాధి ఉంది. చక్రవర్తి పాఠశాల నీడలో నిద్రిస్తున్నాడు.

మూడో రోజు నిజాముద్దీన్ ప్రాంతానికి కేటాయించాము. హుమాయూన్ సమాధి తోటలో మంచు విడే వేళకు చేరితే ఎర్రరాయి, పాలరాయి కలిసి మెరిసే శోభ వర్ణనాతీతం. చక్రవర్తి భార్య హాజీ బేగం దీన్ని కట్టించింది. 16వ శతాబ్దపు ఈ కట్టడమే తర్వాత తాజ్‌మహల్‌కు ఒరవడి అయింది. ఆ వంశపు ఆఖరి చక్రవర్తి బహాదూర్ షా జఫర్ 1857లో ఆంగ్లేయులకు పట్టుబడింది కూడా ఇక్కడే. పూర్వీకుని సమాధి వద్ద తలదాచుకున్న వృద్ధుణ్ణి బందీగా తీసుకుపోయారు. 1862లో రంగూన్‌లో పరాయి మట్టిలో కలిసిపోయాడు. అదే చోట వైభవమూ దాని ముగింపూ పక్కపక్కనే కనిపిస్తాయి.

రోడ్డు దాటితే బస్తీ. ఇరుకు సందులు, అత్తరు, గులాబీలు, కబాబు పొగ. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా, ఆయన శిష్యుడు అమీర్ ఖుస్రో ఇద్దరూ 1325లోనే పరమపదించారు. సమాధుల వద్ద సలాం చెప్పి, గతించినవారి మన్నింపు కోసం అల్లాహ్‌ను వేడుకున్నాము. సమాధి సందర్శన పరలోకాన్ని గుర్తుచేయడానికే కదా! ఆ ఆవరణలోనే షాజహాన్ పెద్ద కుమార్తె జహానారా బేగం సమాధి ఉంది. చాందినీ చౌక్‌ను తీర్చిదిద్దినది, అపార సంపదకు యజమాని అయినది ఆ యువరాణి. కానీ ఆమె సమాధికి కప్పు లేదు. పైన ఆకాశం, రాతి నడుమ పిడికెడు పచ్చగడ్డి. తన సమాధిని కప్పడానికి గడ్డి చాలునన్నదే ఆమె కోరిక. మా అత్తగారు అక్కడ చాలాసేపు నిలబడి కళ్లొత్తుకున్నారు. "తండ్రి తాజ్‌మహల్ కట్టించాడు, కూతురు గడ్డిపోచతో సరిపెట్టుకుంది. ఎవరి మనసు తేలిక?" అన్నారు.

తర్వాత మేము వెదుక్కుంటూ వెళ్లిన చోటు పర్యాటకులు ఎక్కువగా రానిది. బస్తీ ఇళ్ల మధ్య ఇరుక్కున్న ఒక ఎనిమిది పలకల సమాధి. అందులో ఉన్నది మన తెలుగువాడే! పేరు ఖానె జహాన్ మక్బూల్ తిలంగానీ. కాకతీయుల కొలువులో పనిచేసి, ఓరుగల్లు పతనం తర్వాత ఢిల్లీ చేరి ఇస్లాం స్వీకరించాడు. తన ప్రతిభతో ఎదిగి ఫిరోజ్ షా తుగ్లక్‌కు ప్రధానమంత్రి అయ్యాడు. చదవడం రాయడం రాకపోయినా తెలివిలో సాటిలేనివాడని ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. సుల్తాను దండయాత్రలకు వెళితే నెలల తరబడి రాజ్యభారం మోసినది ఆయనే. ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధుల ఒరవడి కూడా ఈ కట్టడంతోనే మొదలైంది. యుద్ధంలో ఓడిపోయి వచ్చినవాడు, భాష తెలియనివాడు, అక్షరం రానివాడు రాజ్యానికి మూలస్తంభమయ్యాడంటే నమ్మకం, శ్రమ, నిజాయితీలకు ఎంత బలముందో కదా! "మన ఊరాయనేనా?" అని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. మా అందరి చేతులూ దుఆ కోసం లేచాయి.

నాలుగో రోజు పాత ఢిల్లీ. 1639 నుండి 1648 వరకు షాజహాన్ కట్టించిన ఎర్రకోటను ముందుగా చూశాము. రాజమందిరాల నడుమ ప్రవహించిన నహరె బిహిష్త్, అంటే స్వర్గ ప్రవాహం, ఇప్పుడు ఎండిన రాతి కాలువ. నెమలి సింహాసనాన్ని నాదిర్ షా 1739లో ఎత్తుకుపోయాడు. చక్రవర్తులు కొలువుతీరిన దివానె ఖాస్‌లోనే 1858లో జఫర్‌ను ఆంగ్లేయులు విచారించారు. దండిగా టిక్కెట్లు కొనుక్కొని చూస్తున్న జనం ఉన్నారు గానీ, ఆ మందిరాల్లో జీవం లేదు.

కోట నుండి జామా మసీదుకు నడక దూరమే. 1656లో పూర్తయిన ఈ మసీదును కట్టించినదీ అదే చక్రవర్తి. దక్షిణ ద్వారం వైపు 33 మెట్లున్నాయి. మా అత్తగారు మనవరాలి భుజం పట్టుకొని, మధ్యలో రెండుసార్లు కూర్చుని పైకెక్కారు. ఆ విశాలమైన ప్రాంగణంలో ఇరవై అయిదు వేల మంది నమాజు చేయవచ్చు. 1857 తర్వాత ఆంగ్లేయులు మసీదును స్వాధీనం చేసుకొని అయిదేళ్లకు తిరిగి అప్పగించారు. మేము వెళ్లినప్పుడు జుహర్ అజాన్ వినిపించింది. కూలీలు, దుకాణదారులు, సూటు వేసుకున్న ఉద్యోగులు ఒకే వరుసలో నిలబడ్డారు. ఒకే రాజు, ఒకే ఎర్రరాయి. సింహాసనం కోసం కట్టినది మ్యూజియం అయింది, సజ్దా కోసం కట్టినది నేటికీ సజీవంగా ఉంది.

మసీదు ముందు మైదానంలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ నిరాడంబర సమాధి ఉంది. దేశవిభజన వేళ, 1947 అక్టోబరులో, భయంతో ఇళ్లు వదలి పోతున్న ఢిల్లీ ముస్లింలకు ఈ మసీదు వద్దనే ఆయన ధైర్యం చెప్పారు. ఈ నేల మీది మన గుర్తులను వదలి ఎక్కడికి పోతారని నిలదీశారు. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి అయినది ఆయనే. మా అమ్మాయి తన నోటుపుస్తకంలో చాలా రాసుకున్నది ఇక్కడే.

తుర్క్‌మాన్ గేట్ వద్ద 1387 నాటి కలాన్ మసీదు ఉంది. కట్టించినది మన మక్బూల్ తిలంగానీ కుమారుడు జూనాన్ షా. అక్కడ ఈనాటికీ నమాజు జరుగుతున్నది. తెలుగు నేల నుండి వచ్చిన తండ్రి పేరు తెలియకపోయినా, ఆ కుటుంబం కట్టించిన నీడలో జనం అల్లాహ్‌ను స్మరిస్తూనే ఉన్నారు. అజ్మేరీ గేట్ దగ్గర మరో తెలంగాణ బంధం కనిపించింది. మొదటి నిజాం తండ్రి ఘాజీవుద్దీన్ ఖాన్ 17వ శతాబ్దం చివర అక్కడొక మదర్సా స్థాపించాడు. అది తర్వాత ప్రసిద్ధ ఢిల్లీ కాలేజీగా మారింది. అదే ప్రాంగణంలో నేడు ఆంగ్లో అరబిక్ పాఠశాల నడుస్తున్నది. స్థాపకుని సమాధి పక్కనే పిల్లలు చదువుకుంటున్నారు. అయిదో రోజు తిరుగు ప్రయాణానికి ముందు జామియా మిల్లియా ఇస్లామియా చూశాము. హైదరాబాద్‌లో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ యౌవనమంతా ఈ విద్యాలయానికే ధారపోశారు. తర్వాత రాష్ట్రపతి అయిన ఆయన చివరకు విద్యార్థుల మధ్యనే విశ్రమించారు.

మనిషి మరణంతో అతని ఆచరణలు ఆగిపోతాయని, మూడింటి పుణ్యం మాత్రం కొనసాగుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. అవి నిరంతరం సాగే దానం, ఇతరులకు ఉపయోగపడే విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే ఉత్తమ సంతానం. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాము. ఢిల్లీలో దాన్ని రాళ్లలో చూశాము. చెరువు, బావి, మదర్సా, మసీదు నిలిచాయి. కోట, సింహాసనం, పోటీకి లేపిన గోపురం పడిపోయాయి.

ఒక దృశ్యం చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. రాత్రివేళ జామా మసీదు, నిజాముద్దీన్ పరిసరాల్లో హోటళ్ల ముందు పేదలు వరుసగా కూర్చుని ఉంటారు. దారిన పోయేవారు కొందరికి భోజనం డబ్బు హోటలు యజమానికి చెల్లిస్తే, అంతమందికీ రొట్టె, కూర వడ్డిస్తారు. ఎముకలు కొరికే చలిలో పలచని గుడ్డలతో వారు ఎదురుచూస్తుంటే, వేడివేడి నిహారీ మన గొంతు దిగడం కష్టం. పిల్లలు బొమ్మల కోసం దాచుకున్న డబ్బు తీసి తండ్రికిచ్చారు. పదిహేను మందికి భోజనం వచ్చింది. ఢిల్లీలో వారు "కట్టించిన" కట్టడం అదే!

శీతకాలంలో ఢిల్లీ వెళ్లదలచిన కుటుంబాలకు కొన్ని సూచనలు. ఎర్రకోట సోమవారం మూసి ఉంటుంది. నమాజు వేళల్లో జామా మసీదులోకి పర్యాటకులను అనుమతించరు. కనుక నమాజుకే వెళ్లండి. కుతుబ్ మీనార్, హౌజ్ ఖాస్, జామా మసీదు, జామియాలకు మెట్రో సౌకర్యం ఉంది. గాలి కాలుష్యం ఎక్కువగా ఉంటుంది, ఉబ్బసం ఉన్నవారు మాస్కులు, మందులు వెంట ఉంచుకోవాలి. రోజుకు రెండు మూడు చోట్ల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. అన్నింటికంటే ముఖ్యంగా, వెళ్లేముందే పిల్లలకు చరిత్ర చదివించండి. మంచినీ చెడునూ దాచకుండా చెప్పండి. బయటివారు ప్రశ్నించేలోపు ఇంట్లోనే సమాధానం దొరికిన పిల్లవాడు తలదించుకోడు, తలెగరేయడు కూడా.

మనలో ఎవరమూ మీనార్లు లేపలేము. కానీ వీధిలో ఒక మంచినీటి కుళాయి, మసీదులో ఒక చిన్న గ్రంథాలయం, చదువు ఆగిపోయిన ఒక ఆడపిల్లకు ఏడాది ఫీజు మన చేతిలోని పనులే. ఎనిమిది వందల ఏళ్ల ఢిల్లీ చరిత్ర మనకు నేర్పేది ఇదే. మన వెనుక నిలిచే పనులు చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.